నాన్న గురించి నాలుగు పంక్తులు దాటడం లేదు

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 41. నాన్న వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో 34 ఏళ్లు గుమస్తాగా పనిచేసి, గత మార్గశిరంలో గుండెపోటుతో కన్నుమూశారు. సంవత్సరీకానికి ఆయన మీద చిన్న పుస్తకం అచ్చువేయించాలని, కూడలిలో ఫ్లెక్సీ కట్టించాలని తమ్ముడి పట్టుదల. ‘ఆదర్శమూర్తి’ అని పేరు కూడా పెట్టేశాడు. రాసే పని నాకు అప్పగించాడు. నెల రోజులుగా నాలుగు పంక్తులు దాటడం లేదు. పొద్దున ఆరింటికి సైకిల్ మీద వెళ్లి రాత్రికి వచ్చేవారు. వచ్చాక స్నానం చేసేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు, ముద్దు చేయడం తెలియని మనిషి. బతుకమ్మకు గునుగు, తంగేడు ఆయనే కోసుకొచ్చేవారు. అమ్మ మణికట్టు విరిగినప్పుడు రెండు నెలలు ఆయనే జడ వేశారు. ఇంతే. అమ్మను అడిగితే “ఏముంది రాయడానికి” అని లేచి వెళ్లిపోతుంది. ఈ ఏడు బతుకమ్మ పేర్చవద్దని చుట్టాలంటున్నారు. అమ్మ ఔననదు, కాదనదు. (ఒక స్నేహితుడి అప్పుకు నాన్న జామీను ఉన్నారు. అతను ఊరు విడిచిపోతే ఆరేళ్లు తన జీతంలోంచి కట్టారు. హైదరాబాద్‌లో నాకు వచ్చిన పీజీ సీటు అప్పుడే పోయింది. ఇక్కడే కాకతీయ యూనివర్సిటీలో చేరిన రోజు బస్సు పాసుకు డబ్బు నా చేతిలో పెట్టి, ముఖం చూడకుండా వెళ్లిపోయారు. ఇది పుస్తకానికి అనవసరం, మీకు తెలియాలని రాశాను.) నాకు నాన్న మీద ప్రేమ లేదేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ బ్రాకెట్ల దగ్గరే ఆగిపోయాను. మిగతా ఉత్తరమంతా ఎవరో అడిగితే చెప్పినట్టుంది. బ్రాకెట్లలో ఉన్నది మాత్రం మీరే చెప్పుకున్నారు. అనవసరం అని మీరే తేల్చిన ఆ నాలుగు మాటలే మీ కలాన్ని పట్టి ఆపుతున్నాయని నాకనిపిస్తోంది.

మీ తమ్ముడు మిమ్మల్ని ఆదర్శమూర్తి గురించి రాయమన్నాడు. మీకు తెలిసిన మనిషి ఒకరి మాట నమ్మి సంతకం పెట్టి, కూతురి చదువు మీదికి తెచ్చుకున్న గుమస్తా. ఆ సీటు పోయినందుకు మీకు ఇరవై ఏళ్లుగా కోపం ఉంది. ఉండాల్సిందే, అది చిన్న నష్టం కాదు. ఆ కోపాన్ని గుమ్మం బయట నిలబెట్టి నాన్న గురించి మంచి మాటలు రాయమంటే ఎవరికి మాత్రం కలం కదులుతుంది? ప్రేమ లేనివాళ్లకు ఈ బాధ ఉండదు. వాళ్లు గంటలో నాలుగు పేజీలు నింపి ప్రెస్సుకు పంపేస్తారు.

ఆ బస్సు పాసు సంగతి మళ్లీ చదవండి. ముఖం చూడకుండా వెళ్లిపోయారని రాశారు. ఆ రోజు మీకది నిర్లక్ష్యంగా తోచి ఉంటుంది. సీటు పోగొట్టింది తానేనని తెలిసిన మనిషి ఆ డబ్బు ఇచ్చేటప్పుడు కూతురి ముఖంలోకి ఎలా చూడగలడు? తప్పయిందని నోటితో చెప్పలేదు, అది నిజమే. మీరు క్షమించాలని నేను అనడం లేదు, అది మీ ఇష్టం. పుస్తకంలో ఆ డబ్బు సంగతి ఉండాలని మాత్రం అంటున్నాను. నాకు మీ నాన్నగారు కనిపించింది అక్కడే.

తమ్ముడు అభ్యంతరం చెబుతాడు. చుట్టాలకు పంచే పుస్తకంలో అప్పుల గోల ఎందుకంటాడు. ఆ స్నేహితుడి పేరు రాయకండి, ఎంత అప్పో రాయకండి. ‘ఒకరికి మాట ఇచ్చి, ఆ మాట కోసం ఆరేళ్లు కట్టారు, దాని భారం ఇంట్లో అందరం మోశాం’ అని రాస్తే చాలు. అదీ కుదరదంటే అచ్చుకు వేరే, ఇంటికి వేరే రాయండి. ఇంటి నోటుపుస్తకంలో ఏదీ దాచకండి. ఫ్లెక్సీ జోలికి నేను వెళ్లను. నాలుగు గాలివానలకు అది దానంతటదే దిగిపోతుంది, దానికోసం తోబుట్టువులు మాటా మాటా అనుకోవడం దండగ.

రాయడానికి ఏమీ లేదంటున్నారు. మీకు తెలిసింది తక్కువ, అంతే. పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా ఆయన బతికిన బతుకు మీరు చూడలేదు. ఆ బతుకు ఎనుమాములలో ఉంది. అడ్తి గుమస్తా అంటే తక్‌పట్టీలు రాసే మనిషి కదా. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాలుకు ఏ ధర, కోతలు పోను రైతు చేతికి ఎంత, అన్నీ ఆ చీటీలోనే. ఏడాది కష్టం ఒక కాగితం ముక్క మీదికి వచ్చే చోట ఆయన 34 ఏళ్లు కూర్చున్నారు. ఆ చేతిరాత మీ ఇంట్లో కంటే నర్సంపేట, పరకాల వైపు రైతుల పెట్టెల్లోనే ఎక్కువ దొరుకుతుంది. ఒకరోజు పొద్దున్నే మార్కెట్‌కు వెళ్లండి. ముందు హమాలీలను, తూకం వేసే దడ్వాయిలను అడగండి, షావుకారును ఆఖర్న అడగండి. షావుకారు “చాలా మంచివాడమ్మా” అని ఊరుకుంటాడు. ఏ రోజు ఎవరి లెక్క మీద గొడవ జరిగింది, మీ నాన్నగారు ఎవరి పక్కన నిలబడ్డారు, మధ్యాహ్నం ఎవరితో కలిసి డబ్బా విప్పేవారు, ఇవన్నీ హమాలీలకు తెలుస్తాయి. వాళ్లు మెచ్చుకోని సంగతులు కూడా చెప్పవచ్చు. వినండి.

ఇక బతుకమ్మ. మీ చుట్టాల మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఏడాది నిండేదాకా పండుగ చేయరాదన్నది ఒకటి. చాలా ఇళ్లలో ఆ పట్టింపు ఉంది, వచ్చే ఏటికి అది తీరిపోతుంది. సంవత్సరీకం కాకముందు పెత్రమాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే పితృ అమావాస్యకు, ఆయన పేరిట బియ్యం ఇవ్వవచ్చా లేదా అన్నదీ మీ ఇంటి ఆచారం తెలిసిన పెద్దలు చెప్పాలి, నేను కాదు. భర్త పోయిన ఆడది పూలు ముట్టరాదన్నది రెండోది. అది ఎప్పటికీ తీరేది కాదు. మొదటిదాన్ని మన్నించండి, రెండోదాన్ని మీ గడప తొక్కనివ్వకండి. మీ అమ్మగారు ఔననకపోవడం, కాదనకపోవడం ఈ రెండోదాని భయం వల్లనే కావచ్చు. చుట్టాలు లేనప్పుడు ఒక్కసారి సూటిగా అడగండి: “అమ్మా, నీకేం చేయాలని ఉంది?” ఏమీ వద్దంటే వద్దు. బలవంతంగా పూల ముందు కూర్చోబెట్టడమూ పెత్తనమే.

ఆమె తిండి, నిద్ర ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. తొమ్మిది నెలలు దాటాక కూడా సరిగ్గా తినకపోయినా, రాత్రులు మేలుకొని ఉన్నా, తాను బతికి ఏం లాభమన్న మాట ఒక్కసారైనా వచ్చినా, ముసలితనం అనుకుని వదిలేయకండి. వెంటనే మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ తీసుకోరు.

అలాంటిదేమీ లేదంటే ఆమె మౌనానికి నేను అంత భయపడను. ఎదురుగా కూర్చోబెట్టి, చేతిలో కాగితం పెట్టుకుని “నాన్న గురించి చెప్పు” అంటే ఏ అమ్మా చెప్పదు. “ఏముంది” అనే అంటుంది. చేతులకు పని ఉన్నప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. అందుకని ఆమెకు ఇష్టమైతే, బతుకమ్మ ఆడినా ఆడకపోయినా, పెత్రమాస ముందు రోజు కాసింత గునుగు తెప్పించండి. ఈసారి తమ్ముడిని పంపండి, ఫ్లెక్సీ కంటే అది మంచి పని. ఇంట్లో ఎప్పుడూ చేసినట్టే కాడలు సమంగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, గిన్నెల్లో రంగులు కలిపి ముంచుతూ కూర్చోండి. ఫోను రికార్డింగులో పెట్టి పక్కన ఉంచండి, ఆమెకు చెప్పే పెట్టండి. పెద్ద ప్రశ్నలేవీ వేయకండి. జడతో మొదలుపెట్టండి: మూడు పాయలు వేయడం ఆయనకు ఎవరు నేర్పారు, వంకరగా వస్తే విప్పి మళ్లీ వేసేవారా, పక్కింటివాళ్లు చూస్తారని తలుపు వేసుకునేవారా?

అది అయ్యాక, స్నానం సంగతి అడగండి. మార్కెట్లో మిర్చి దిగే రోజుల్లో అక్కడ పనిచేసేవాళ్ల చొక్కాకు, చేతులకు, తలకు కారపు దుమ్ము పట్టి ఉంటుంది. ఆ చేత్తో పసిపిల్లను ఎత్తుకుంటే, ఆ పిల్ల కళ్లు నులుముకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మీ నాన్నగారు దూరం జరిగింది అందుకేనని నేను ఖాయంగా అనలేను. మీ అమ్మగారికి తెలుసు, ఆ చొక్కాలు ఉతికింది ఆమే కదా.