పది లక్షల టన్నుల కర్బనమా?

సందేహం: ‘నార్వేలో ఏటా పది లక్షల టన్నుల కర్బనాన్ని పట్టి సముద్రం అడుగున గుహల్లో నిల్వ చేస్తున్నారు’ అని ఒక వార్తలో చదివాను. ‘కర్బనం’ అనడం సరైనదేనా? ‘నిల్వ’ బదులు ‘పాతర వేయడం’ అనవచ్చా?

సమాధానం: ముందుగా దిద్దవలసింది ‘కర్బనం’ అన్న మాటనే. పట్టేది కార్బన్ డయాక్సైడును. పాత పాఠ్యపుస్తకాల్లో దాన్నే బొగ్గుపులుసు వాయువు అన్నారు. ఇది చాదస్తం కాదు, లెక్కే తప్పుతోంది. 12 పాళ్ల కర్బనం 32 పాళ్ల ఆక్సిజన్‌తో కలిస్తే 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. పది లక్షల టన్నుల వాయువులో కర్బనం 2.73 లక్షల టన్నులే. ‘కర్బన ఉద్గారాలు’ అన్నది స్థిరపడిన మాట, దానితో పేచీ లేదు. పక్కన టన్నులు వేస్తే మాత్రం వాయువు పేరు పూర్తిగా రాయాలి.

‘పట్టి’ చక్కని క్రియ, ‘సంగ్రహించి’ కంటే సూటిగా ఉంది. ఎలా పడతారో రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. వాయువుల మిశ్రమాన్ని 40 డిగ్రీల దరిదాపుల్లో అమీన్ (అమ్మోనియా జాతి రసాయనం) ద్రావణానికి తగిలిస్తే కార్బన్ డయాక్సైడ్ అందులోకి చేరుతుంది. ద్రావణాన్ని 120 డిగ్రీల దాకా కాచితే బయటికి వస్తుంది. ఈ కాచడానికే ఇంధనం బాగా ఖర్చవుతుంది. ఇలా ద్రావణంలోకి చేరడం శోషణం. ‘అధిశోషణం’ అని రాస్తే ఘనపదార్థం ఉపరితలానికి అంటుకోవడమన్న వేరే పద్ధతి అవుతుంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలో గంధకపు వాయువులు మిగిలితే ద్రావణం పాడవుతుంది. పట్టిన వాయువులో తేమ ఉంటే ఆమ్లం పుట్టి ఉక్కు గొట్టాలను తినేస్తుంది.

మీరు చదివిన వార్త ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన స్లైప్‌నర్ సహజవాయు క్షేత్రం గురించి కావచ్చు. అక్కడ పట్టేది పొగలోంచి కాదు. తోడిన సహజవాయువులోనే కార్బన్ డయాక్సైడ్ 9 శాతం దాకా ఉంటుంది, అమ్మాలంటే 2.5 శాతానికి దించాలి. అలా విడదీసిన దాన్ని 1996 నుంచి సముద్రం అడుగునున్న ఉత్సిరా అనే ఇసుకరాతి పొరలోకి ఎక్కిస్తున్నారు. ‘గుహలు’ అన్నది శుద్ధ తప్పు. ఇసుక రేణువుల మధ్య ఉప్పునీరు నిండిన సందుల్లోకి అది చొరబడుతుంది. పైనున్న షేల్ (గట్టిపడిన బంకమట్టి రాయి) పొర మూతలా ఆపుతుంది. ఒత్తిడి మితిమీరితే ఆ మూతే పగలవచ్చు. అందుకే ‘నింపడం’ కంటే ‘ఎక్కించడం’ నయం, ఒత్తిడి ఉందన్న సంగతి ఆ మాటలోనే తెలుస్తుంది. సుమారు 800 మీటర్లకు మించిన లోతు ఎందుకంటే, అక్కడి ఒత్తిడికి ఆ వాయువు ద్రవమంత చిక్కబడి తక్కువ చోటులో ఇముడుతుంది.

ఇక ‘పాతర’. మాట అందమైనదే, నాకూ ఇష్టమే. కానీ పాతర వేసిన జొన్నలను అవసరం పడినప్పుడు తవ్వి తీస్తారు, దీన్ని తీయకూడదు. ‘నిల్వ’కూ కొంత ఆ దోషం ఉంది, ‘శాశ్వత నిల్వ’ అంటే తీరుతుంది. ఐస్‌లాండ్‌లోని కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు విషయంలో అదీ చాలదు. అక్కడ కార్బన్ డయాక్సైడును నీళ్లలో కరిగించి బసాల్ట్ (లావా చల్లారి గట్టిపడిన) శిలల్లోకి పంపితే, రాతిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి కార్బనేట్ ఖనిజమైంది. తొలి ప్రయోగంలో 95 శాతానికి రెండేళ్లు కూడా పట్టలేదు. దాని గురించి ‘రాయిగా మారుస్తున్నారు’ అనే రాయండి.