రోమ్ వెళ్ళే ముందు ఇది చదువు బుజ్జీ

బుజ్జీ,

జర్మనీ నుంచి నీ ఫ్రెండ్‌తో కలిసి రోమ్‌కి టికెట్లు బుక్ చేశావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లాన్ చూశాను. అన్ని చోట్లు ఎవరు తిరుగుతారే తల్లీ? సగం ఇప్పుడే కొట్టేయి. పాత ఊళ్ళో వీధులన్నీ ఎగుడుదిగుడు నల్లరాళ్ళు, సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోతాయి, ఫ్రెండ్స్ మధ్య మాటా మాటా పెరిగేది కూడా సరిగ్గా అప్పుడే. బయల్దేరకముందే ఇద్దరూ కూర్చుని, ఇవి చూడకపోతే రోమ్ వెళ్ళినట్టే కాదు అనిపించేవి తలా రెండు చెప్పుకోండి. ఆ నాలుగూ ఖాయం. మిగతావి దారిలో తగిలితే చూడండి, లేకపోతే లేదు.

ఆ నాలుగింట్లో కొలోసియం, అదే పాత రోమన్ల పెద్ద ఆటల మైదానం, ఎలాగూ ఉంటుంది కాబట్టి టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనేయండి. దాని మీద పేరు వేస్తారు, మన ఇంటిపేర్ల గొడవ తెలుసుగా, పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వు. అదే టికెట్టు మీద పక్కనే ఉన్న ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు), పాలటైన్ కొండ కూడా చూడొచ్చు. ఫోరమ్‌లో నీడ తక్కువ, పొద్దున్నే వెళ్ళండి. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసేస్తారు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం తెరుస్తారు, ఫ్రీ, కానీ ఆ రోజు జనాన్ని చూస్తే నీకే విసుగొస్తుంది. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కనబడే బట్టలతో రానివ్వరు, బ్యాగులో ఓ చున్నీ పడేసుకో.

పాంథియన్ మాత్రం వదలకు, ఒకప్పటి రోమన్ల గుడి, ఇప్పుడు చర్చి. 2023 నుంచి దానికి కూడా టికెట్ పెట్టారు, పోనీలే. గుమ్మటం అడ్డంగా 43 మీటర్ల పైమాటే, నేల నుంచి నడినెత్తికీ అంతే ఎత్తు, ఇనుప చువ్వ ఒక్కటి లేకుండా కాంక్రీటుతో దాదాపు 1900 ఏళ్ళ కిందట కట్టారు. పైన నడిమధ్యలో పెద్ద రంధ్రం, మూత లేదు. వాన పడితే తిన్నగా లోపలే పడుతుంది, నేలలో చిన్న చిన్న కన్నాలు కనిపిస్తాయి చూడు, నీళ్ళు పోవడానికే. వానొచ్చింది కదా అని రూమ్‌లో కూర్చోకండి, ఆ రోజే వెళ్ళండి.

ఇంకో మాట, ఒక పూట విడిగా తిరగండి. అలిగి కాదు, ముందే అనుకుని. ఆ అమ్మాయికి షాపింగ్ ఇష్టమన్నావు, నీకేమో బొమ్మల పిచ్చి. తను షాపులు తిరిగే టైములో నువ్వు పాంథియన్‌కి దగ్గర్లోనే ఉన్న సాన్ లుయిజీ చర్చికి వెళ్ళు, ప్రవేశం ఉచితం, మధ్యాహ్నం కాసేపు మూసేస్తారు, టైము చూసుకో. లోపల ఎడమవైపు చివరి గదిలో కరవాజ్జో అనే పాతకాలం ఇటలీ చిత్రకారుడు వేసిన మూడు పెయింటింగులు ఉంటాయి. చీకటిగా ఉంటుంది, పక్కన పెట్టెలో నాణెం వేస్తే లైటు వెలుగుతుంది, కాసేపటికి టప్పున ఆరిపోతుంది, మళ్ళీ ఎవరు వేస్తారా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చిల్లర ఉంచుకో. ఎడమ గోడ మీద బొమ్మలో బల్ల దగ్గర డబ్బు లెక్కపెట్టుకునేవాళ్ళ మీద పక్కనుంచి వెలుగు ఎలా పడిందో తీరిగ్గా చూడు.

అక్కణ్ణుంచి నడిచి నవోనా చౌకుకి వచ్చేయ్, మధ్యలో ఉన్న పెద్ద ఫౌంటెన్ దగ్గర కలుసుకోండి. బెర్నీని అనే శిల్పి 1651లో పూర్తి చేసిన ఆ నాలుగు నదుల బొమ్మల్లో ఒకటి మన గంగ! మగవాడిగా చెక్కారు మరి, చేతిలో పొడుగాటి తెడ్డు ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక.

తిండికి బెంగ లేదు. పంది మాంసం తినకపోతే కార్బొనారా, అమత్రిచానా అనే పాస్తాల జోలికి పోవద్దు, వాటిలో అదే వేస్తారు. అర్రాబ్బియాతా అనే పాస్తాలో టమాటా, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, మన నోటికి కారం చాలదనుకో. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక, అదే కాఫీకి బల్ల దగ్గర కూర్చుంటే చాలాచోట్ల రేటు మారిపోతుంది. నీళ్ళ సీసాలు కొనకండి. వీధుల్లో చిన్న ఇనుప కుళాయిలు ఇరవైనాలుగు గంటలూ కారుతుంటాయి, మంచి నీళ్ళే. ముక్కులా వంగిన గొట్టం కింద వేలు అడ్డం పెడితే పైనున్న కన్నంలోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, వంగక్కర్లేకుండా తాగొచ్చు.

ఖర్చులకి ఇద్దరూ సమానంగా వేసి ఒకే పర్సు పెట్టుకోండి, రోజూ రాత్రి కాఫీకి నేనిచ్చా బస్సుకి నువ్విచ్చావు అనే లెక్కలు ఉండవు. ఆ పర్సు మాత్రం మెట్రోలో, టెర్మినీ స్టేషన్‌లో బ్యాగు ముందుకి వేసుకుని పట్టుకోవాలి, జేబుదొంగలు ఎక్కువ. స్పానిష్ మెట్ల మీద కూర్చుని ఫోటోలకి పోజులివ్వకండి, 2019 నుంచి జరిమానా వేస్తున్నారు.

జర్మనీ రెసిడెన్స్ కార్డు ఒక్కటే చాలనుకోకు, పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. ఇద్దరివీ ఈ రాత్రే చూసి పెట్టుకోండి.

పెద్దమ్మ