తిరుపతిలో మున్సిపల్ హైస్కూలా, జెడ్పీ హైస్కూలా? మా పాప రెండింట్లోనూ చదివింది

"పాపను ఆరో తరగతిలో వేయాలి. టౌన్‌లో మున్సిపల్ హైస్కూల్ మేలా, రూరల్‌లో జెడ్పీ హైస్కూల్ మేలా? చదువెలా ఉంటుంది, ఎలాంటి పిల్లలు వస్తారు? బాబును ప్రైవేట్‌లో చేర్చేశాం" అని అడిగారు. మా పెద్దమ్మాయి ఆరు, ఏడు టౌన్‌లో మున్సిపల్ స్కూల్లోనే చదివింది. 2025 జూన్‌లో మేం ఇల్లు మారి రేణిగుంట వైపు వచ్చాక ఎనిమిదో తరగతికి జెడ్పీలో చేరింది. కాబట్టి రెండూ దగ్గర నుంచి చూశాను.

పుస్తకాలు రెండు చోట్లా ఒకటే, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు. తేడా అంతా సబ్జెక్టుకు టీచర్ ఉన్నారా లేదా అన్న దగ్గరే వస్తుంది. మా పాప ఆరులో ఉన్నప్పుడు మ్యాథ్స్ సార్‌ను వర్క్ అడ్జస్ట్‌మెంట్ అని ఇంకో స్కూల్‌కు పంపేశారు. సంక్రాంతి దాకా ఆ పీరియడ్‌లో తెలుగు మేడమ్ వచ్చి కూర్చునేవారు. భిన్నాలు నేను ఇంట్లో కుట్టుమిషన్ పక్కన కూర్చోబెట్టి నేర్పాల్సి వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచర్ ఉండాలని, సైన్స్-మ్యాథ్స్, సోషల్, భాషలకు వేరువేరుగా ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. మా పాప సెక్షన్‌లో 52 మంది. ఇప్పుడు జెడ్పీలో 24 మందే. మ్యాథ్స్ సార్ సాయంత్రం గంట ఆగి మరీ చెప్తారు. ఉన్న టీచర్లనైనా చెప్పనివ్వాలి కదా! హాజరు ఫొటో, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క అంటూ యాప్‌లతోనే వాళ్లకు పొద్దు గడిచిపోతోంది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

పిల్లల సంగతి. టౌన్‌లో ఆటో నడిపేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు, పూలు అమ్మేవాళ్లు, వాళ్ల పిల్లలు. ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడేవాళ్లు చాలామంది. పనిని బట్టి అద్దె ఇళ్లు మారతారు కాబట్టి ఏడాది మధ్యలో టీసీలు తీసుకెళ్లడం మామూలే. జెడ్పీలో ఎస్సీ, ఎస్టీ కాలనీల పిల్లలు, హాస్టల్ పిల్లలు ఎక్కువ. యానాది పిల్లలు మా పాపకు మంచి స్నేహితులు. ఎవరి వల్లా మా పాప చెడిపోలేదు. ఆ భయం పెట్టుకోకండి.

నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకే రోజు పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. మున్సిపల్ స్కూల్లో పిల్లలు ముందు, తల్లులం వెనక బెంచీల్లో కూర్చున్నాం. ఏడో తరగతి గదిలో ఎటు చూసినా రెండు జడలే, మగపిల్లలు ఒక మూల రెండు బెంచీలు. సైన్స్ మేడమ్ మార్కులు చదవడం ఆపి, "అన్నయ్యో తమ్ముడో ప్రైవేట్ స్కూల్లో చదివేవాళ్లు చేతులెత్తండమ్మా" అన్నారు. మొదట ముగ్గురు ఎత్తారు. తర్వాత పక్కవాళ్లను చూసి ఒక్కొక్కరే ఎత్తారు. నేను పందొమ్మిది లెక్కపెట్టాను. నా పక్కనున్న అక్క కొంగు సర్దుకుంటూ తల దించేసింది. ఆమె కూతురు మాత్రం చెయ్యి దించకుండా వెనక్కి తిరిగి అమ్మనే చూస్తోంది. మేడమ్ ఎవరినీ ఒక్క మాట అనలేదు, "చేతులు దించండి" అని మళ్లీ మార్కులు చదివారు. బయటికొచ్చాక ఆ అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇద్దరికీ కట్టలేక కదమ్మా" అంది. ఆమె కష్టం నాకు తెలుసు. కానీ కట్టలేనప్పుడు ఆగిపోయేది ప్రతిసారీ ఆడపిల్ల వంతే ఎందుకు కావాలి?

అందుకే మీ ప్రశ్నలో ఆ చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. సర్కారు బడి పాపకు సరిపోతే బాబుకూ సరిపోతుంది. పైగా ఎనిమిదిలో ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాసి నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000, అంటే నాలుగేళ్లకు 48,000 వస్తాయి. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రైవేట్‌లో చదివే బాబుకు ఆ పరీక్ష రాసే వీలే లేదు.

రెండింట్లో ఏదంటే, మ్యాథ్స్, సైన్స్ టీచర్లు ఇద్దరూ నిజంగా ఉన్నదే. మీకు దగ్గరైతే జెడ్పీకే నా ఓటు. హెచ్‌ఎంను అడిగితే పోస్టు ఉందనే చెప్తారు, కాబట్టి మనిషి రోజూ వస్తున్నారా అని గేటు దగ్గర పిల్లలనే అడగండి. బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. తెరిచిన వారంలోనే రెండు స్కూళ్లూ చూసి రండి. బాబును కూడా వెంట తీసుకెళ్లండి.