సున్నా వచ్చిన గుంతను వెంటనే నమ్మకు

చి. సౌమ్యకు ఆశీస్సులు.

సూక్ష్మజీవుల్ని మింగే రోగనిరోధక కణం మాక్రోఫేజ్, మింగిన బ్యాక్టీరియాను ముక్కలు చేసి, ఆ ముక్కల్ని గుర్తించే టీ కణానికి ఎలా చూపిస్తుందో నువ్వే కొలవబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! వెనకే గుబులూ పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

ముక్కల్ని పట్టుకుని కణం పైన చూపే ప్రోటీన్ ఎంహెచ్‌సీ; మాక్రోఫేజ్‌ది టీ కణానికి సరిపోయే రకమై ఉండాలని నీకు చెప్పక్కర్లేదు. 96 గుంతల ప్లేటులో గుంతకు 50 వేల మాక్రోఫేజ్‌లు, లక్ష టీ హైబ్రిడోమా కణాలు (కాన్సర్ కణంతో కలిపి, ఎంతకాలమైనా పెరిగేలా చేసిన టీ కణాలు) వేసుకో. 24 గంటలకు పై ద్రవం తీసి టీ కణం ముక్కను గుర్తిస్తే వదిలే ఐఎల్-2 ప్రోటీన్‌ను కొలువు. బతికున్న బ్యాక్టీరియా వాడితే గంటకల్లా కడిగి, మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల జెంటామైసిన్ యాంటీబయాటిక్ కలుపు. మర్చిపోయావంటే తెల్లారేసరికి ఎర్రటి మీడియం పసుపుపచ్చగా, మబ్బుగా మారి ఉంటుంది.

నా భయమంతా ఈ ముక్కలు చేయడాన్ని, అంటే ప్రాసెసింగ్‌ను, ఆపడానికి వాడే క్లోరోక్విన్ మందు దగ్గరే. బ్యాక్టీరియాను మింగిన సంచి ఫాగోసోమ్, అరిగించే ఎంజైమ్‌లుండే సంచి లైసోసోమ్‌తో కలిసి లోపలి పీహెచ్ 5 దాకా దిగితేనే కాథెప్సిన్లనే ఆ ఎంజైమ్‌లు సరిగా కోస్తాయి. అవి కోసేది బ్యాక్టీరియా ప్రోటీన్లనే కాదు, మింగినవాటి ముక్కల్ని చూపే ఎంహెచ్‌సీ-2కు అంటుకుని, దాని చోటు మూసి ఉంచే ఇన్వేరియంట్ చెయిన్ అనే ప్రోటీన్‌నూ. చివరికి ఆ చెయిన్‌లో మిగిలే క్లిప్ అనే ముక్కను ఎలుక కణాల్లో హెచ్2-ఎం అనే ప్రోటీన్ తప్పిస్తే, ఆ చోట బ్యాక్టీరియా పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క) కూర్చుంటుంది. క్లోరోక్విన్ ఈ ఆమ్లత్వాన్నే చెడగొడుతుంది. 1982లో జీగ్లర్, ఉనానూయే అనే పరిశోధకులు లిస్టీరియా అనే బ్యాక్టీరియాతో చూపింది అదే: అమోనియా గానీ క్లోరోక్విన్ గానీ ఇస్తే యాంటిజెన్ (టీ కణం గుర్తించాల్సిన బ్యాక్టీరియా పదార్థం) అరగడం తగ్గింది, టీ కణానికి చూపడమూ తగ్గింది.

అది చదివి చాలామంది చేసే పాత పొరపాటు ఒకటుంది. మందు గుంతలో ఉండగానే టీ కణాలు వేసేస్తారు. ఐఎల్-2 సున్నా వస్తుంది. "ప్రాసెసింగ్ ఆగింది" అని రాసేస్తారు. ఆ మందు టీ కణాల్నే దెబ్బతీసిందేమో అని చూడరు! సున్నా రెండు కారణాల వల్లా ఒకేలా కనిపిస్తుంది తల్లీ.

అందుకే వరస తప్పకు. ముందు అరగంట మాక్రోఫేజ్‌లకు 100 మైక్రోమోలార్ క్లోరోక్విన్. ఆ మందు ఉండగానే, ముందే చంపి ఉంచిన బ్యాక్టీరియా వేసి రెండు గంటలు ఉంచు. కడుగు. 1 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో పది నిమిషాలు ఫిక్స్ చెయ్యి, అంటే కణాలు ఉన్నవి ఉన్నట్టే బిగుసుకుపోయి ఇక మింగలేవు, కొయ్యలేవు. మిగిలిన ఆల్డిహైడ్‌ను గ్లైసిన్‌తో పట్టేసి మూడుసార్లు కడుగు; అది మిగిలినా టీ కణాలు చస్తాయి. అప్పుడే వాటిని వెయ్యి.

పక్కనే రెండు గుంతలు తప్పనిసరి. ఒకదాంట్లో అదే మందు, అదే ఫిక్సింగ్, కానీ బ్యాక్టీరియా బదులు సింథటిక్ పెప్టైడ్. దాన్ని కణం కొయ్యక్కర్లేదు, కాబట్టి ఐఎల్-2 రావాలి. రాలేదంటే తప్పు ప్రాసెసింగ్‌ది కాదు. రెండోదాంట్లో ముందే ఫిక్స్ చేసిన మాక్రోఫేజ్‌లకు మొత్తం బ్యాక్టీరియా. అక్కడ ఏమీ రాకూడదు. వచ్చిందంటే నీ బ్యాక్టీరియా నిల్వలో ప్రోటీన్లు అప్పటికే విరిగి, ముక్కలు నేరుగా పైనున్న ఎంహెచ్‌సీకి అంటుకుంటున్నాయన్నమాట. పాత సీసా పారేసి కొత్తది చేసుకో.

గుంతలు చాలలేదని ఈ రెండూ ఎగ్గొట్టావో, ఊరుకోను! కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. నీ చేతి నిదానం మీద నాకు నమ్మకముంది.

సోకిన కణాల్ని చంపే సీడీ8 టీ కణాలతో మాత్రం ఇప్పుడే మొదలెట్టకు. బతికున్న లిస్టీరియా ఫాగోసోమ్ చీల్చుకుని సైటోసోల్ (కణంలోని ద్రవం)లోకి వస్తుంది; అక్కణ్నుంచి దాని ప్రోటీన్లను ప్రోటియాసోమ్ కోస్తుంది, ముక్కల్ని టాప్ మోస్తుంది, ఎంహెచ్‌సీ-1 సీడీ8 కణాలకు చూపుతుంది. ఫాగోసోమ్‌ను చీల్చే లిస్టీరియోలైసిన్ ప్రోటీన్‌కూ ఆమ్లత్వమే కావాలి, కాబట్టి క్లోరోక్విన్ వేస్తే ఏది ఆగిందో విడదీయలేవు.

మొదటి ప్లేటు అంకెలు రాగానే పంపు. పెప్టైడ్ గుంతది అన్నిటికన్నా పైన రాయి.

మామయ్య