రైతు భరోసా డబ్బుల్ని నమ్ముకుని ట్రాక్టర్ కిస్తీ పెట్టుకోవచ్చా?

మహబూబాబాద్ జిల్లా నుంచి ఒకన్న అడిగిన ప్రశ్న ఇది. సొంత పట్టా 3 ఎకరాలు, కౌలుకి ఇంకో 2, పత్తి, మిర్చి వేస్తారు, బయట లక్ష అప్పుంది రెండు రూపాయల మిత్తికి. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ చూశారట, ఆరు నెలలకోసారి కిస్తీ, "రైతు భరోసా పడంగనే కట్టేయొచ్చులే" అన్నాడట ఫైనాన్సాయన.

వద్దు అన్నా. డబ్బు తక్కువని కాదు, తేదీ మీ చేతిలో లేదని. తెలంగాణ సర్కారు పంట పెట్టుబడికిచ్చే రైతు భరోసా ఎకరాకి సీజన్‌కి 6 వేలంటే మీ పట్టా 3 ఎకరాలకి 18 వేలు, ఏడాదికి 36, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ మూడు విడతలు కలిపి 6, మొత్తం 42 వేలు, కాగితం మీద బాగానే ఉంది. కానీ 2024 వానాకాలానివి అసలు పడనేలేదు, ఆ యాసంగివి 2025 జనవరి 26న మొదలుపెట్టి ఎకరాల లెక్కన విడతలు విడతలుగా వేసుకుంటూ పోయారు, 2025 వానాకాలానివేమో జూన్‌లోనే చకచకా పడ్డాయి. ఫైనాన్సోళ్ళ తేదీ అట్లా జరగదు కదా, లేటైతే పెనాల్టీ, ఇంకా లేటైతే బండి తోలుకుపోతారు. 5 ఎకరాలకి దున్నకం కిరాయి ఇచ్చుకోవడమే చవక, నన్నడిగితే.

ముందు ఆ లక్ష సంగతి చూడండి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 వేలు మిత్తికే పోతుంది, అంటే సర్కారిచ్చే 42 వేల్లో సగం పైన వడ్డీ వ్యాపారికి పోస్తున్నట్టే. బ్యాంకులో క్రాప్ లోన్ 7 శాతం, టైంకి కడితే 3 శాతం రాయితీ పోను 4 పడుతుంది, లక్షకి 4 వేలు. విత్తనాలు, మందులకి ఆ లోన్ వాడుకోండి, భరోసా డబ్బులు పడ్డ రోజే తీసుకెళ్ళి బయటి అప్పు అసలులో కట్టండి, మిత్తి కట్టి నోటు తిరగరాయడం మాత్రం ఇక ఆపండి. క్రాప్ లోన్ గడువు దాటితే ఆ 3 శాతం పోతుంది, మర్చిపోవద్దు.

కౌలు 2 ఎకరాల భరోసా పట్టాదారు ఖాతాలోనే పడుతుంది, మీకు రూపాయి రాదు. ఈసారి కౌలు మాట్లాడేటప్పుడు ఆయనకి ఎకరాకి ఏడాదికి 12 వేలు ఊరికే వస్తున్నాయి కదా అని మొహమాటం లేకుండా అడిగి కొంత తగ్గించుకోండి, చాలామంది అడగరు.

ఐటీ రిటర్న్ వేస్తే పీఎం కిసాన్ ఆగుతుందా అన్నారు. రూల్‌లో ఉన్నది కిందటి అసెస్‌మెంట్ ఇయర్‌లో పన్ను కట్టినవాళ్ళకి రాదని, ఊరికే రిటర్న్ వేసినవాళ్ళకి కాదు. పైగా పంట ఆదాయానికి పన్నే లేదు. మీకు కిందటి విడత పడలేదంటే ఈకేవైసీ అయిందో లేదో, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకి లింకై ఉందో ముందు చూడండి, కొత్త ఖాతా తెరిచినప్పుడు లింకు అటు మారిపోయి డబ్బులు అందులో పడి ఉండొచ్చు, మనం పాత పాస్‌బుక్కే ఎంట్రీ వేయించుకుంటూ ఉంటాం.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ, రైతు చనిపోతే ఇంటివాళ్ళకి వచ్చే రైతు బీమా 5 లక్షలది, 59 ఏళ్ళ దాకా వర్తిస్తుంది. నామినీగా ఇంకా మీ అమ్మగారి పేరే ఉందేమో మీ వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈవో) అడిగి, వదినగారి పేరుకి మార్పించండి.