ఎర్టిగాలో మంచం వేయిస్తే ఆర్టీఏ ఊరుకుంటుందా?

సందేహం: నాకు 2021 మోడల్ మారుతి ఎర్టిగా పెట్రోల్ బండి ఉంది. ఫైనాన్స్ ఇంకా రెండేళ్లు కట్టాలి. ఇంటిల్లిపాదీ క్యాంపింగ్‌కు వెళ్లేలా మూడో వరస సీటు పీకేసి, ప్లైవుడ్ మంచం కొట్టించి, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ, పైన క్యారియర్, సోలార్ ప్యానెల్ పెట్టించాలనుకుంటున్నాను. మట్టిదారుల్లో అడుగు తగలకుండా రెండు అంగుళాలు ఎత్తు పెంచి, 205 టైర్లు, ముందు ఎల్ఈడీ బార్, బంపర్‌కు గార్డ్ వేస్తానని షెడ్డు మెకానిక్ అంటున్నాడు. ‘అందరూ వేయించుకుంటున్నారు సార్, ఏం కాదు’ అని భరోసా ఇస్తున్నాడు. వీటిలో ఏవి చట్టానికి లోబడినవి? ప్రమాదం జరిగితే బీమా సొమ్ము వస్తుందా? – ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు రాసిన పనుల్లో సగం నిక్షేపంగా చేయించుకోవచ్చు. మిగతా సగంలో కొన్ని మాత్రం చలానా కట్టేస్తే తీరిపోయేవి కావు. ముందు మీ ఆర్సీ తీసి దగ్గర పెట్టుకోండి. సీట్ల సంఖ్య, బాడీ రకం, ఇంధనం, రంగు, ఖాళీ బండి బరువు అందులో ఉంటాయి. ఈ వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదన్నది మోటారు వాహనాల చట్టం–1988లోని 52వ సెక్షన్. నిర్మాణంలో మార్పు చేసి బండి మౌలిక స్వరూపాన్నే మార్చేస్తే దాన్ని ‘మార్పు’ అంటారని ఆ సెక్షనే వివరించింది. ఇంధనం మార్చుకునే కిట్లకూ, దివ్యాంగుల అవసరాలకు చేసే ఏర్పాట్లకూ వేరే వెసులుబాటు ఉంది. మీ పని ఆ కోవలోకి రాదు.

ఒకప్పుడు రాష్ట్ర నిబంధనలు చూపించి ఆర్టీవో దగ్గర ఎంట్రీ వేయించుకునేవారు. 2019 జనవరి 9న కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. కేరళ నుంచి వచ్చిన వ్యాజ్యం అది. చట్టం ఒకటి చెబుతుంటే నిబంధనలు మరోటి చెప్పలేవనీ, కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయడానికి వీల్లేదనీ తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ(4) సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్నది గమనించండి. బండి ఒకటే అయినా లెక్క మాత్రం మార్పులను బట్టి ఉంటుంది. ఈ సెక్షన్ యజమాని కోసం రాసింది కాబట్టే ‘ఏం కాదు’ అనడం మెకానిక్‌కు అంత తేలిక.

ఇక సీటు సంగతి. మూడో వరస పీకేసి ఇంట్లో పెడితే ఏడు సీట్ల ఆర్సీతో అయిదు సీట్ల బండి నడుపుతున్నట్టు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ తనిఖీలో అన్నిటికంటే తేలిగ్గా పట్టుబడేది ఇదే. అసలు ఎర్టిగాలో సీటు తీయాల్సిన అవసరమే లేదు. మూడో వరస రెండు ముక్కలుగా మడుస్తుంది, రెండో వరస కూడా మడుస్తుంది. మడిచిన సీట్ల మీదుగా మూడు పలకల మంచం అమర్చుకోండి. 12 మి.మీ. ప్లైవుడ్ 8x4 షీటు 23 కిలోల దాకా తూగుతుంది. 18 మి.మీ. తీసుకుంటే 35 కిలోలకు చేరుతుంది, అంత మందం అక్కర్లేదు. పలకలకు కింద మడత కాళ్లో, సామాన్లు పెట్టుకునే పెట్టెలో పెట్టించి, రాచెట్ బెల్టులతో లగేజీ కొక్కేలకు బిగించండి. బండి కదులుతుండగా ఆ మంచం మీద ఎవరూ పడుకోకూడదు. వెనక కూర్చున్నవారికీ సీటుబెల్టు తప్పనిసరి, 194బి కింద జరిమానా రూ.1,000. జరిమానా సంగతి అటుంచితే, బ్రేకు గట్టిగా పడ్డప్పుడు బిగించని పలక ముందు సీటు వెన్నులోకి దిగుతుంది.

ఫ్లోర్‌కు డ్రిల్లు మాత్రం వేయనీయకండి. ఎర్టిగాకు వేరే ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే ఛాసిస్. రంధ్రం పడిన చోట తుప్పు మొదలవుతుంది. కింద పెట్రోల్ ట్యాంకు, ఇంధన గొట్టాలు, బ్రేకు పైపులు ఉంటాయి. రేపు క్లెయిమ్ వస్తే సర్వేయర్ ఫొటో తీసేది కూడా ఆ రంధ్రాన్నే. తాళం చెవులు తప్ప వేరే పనిముట్టు లేకుండా పది నిమిషాల్లో బయటికి తీయగలిగితే అది లగేజీ. వెల్డింగూ డ్రిల్లూ పడితే అది మార్పు. ఈ కొలత చట్టంలో రాసి లేదు, కానీ సెక్షన్ ఉద్దేశానికి దగ్గరగా ఉంటుంది. అధికారి ముందు వాదించడానికి కూడా పనికొస్తుంది.

బ్యాటరీ పెట్టుకోవచ్చు. అయితే క్లెయిములు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా వైరింగ్ దగ్గరే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీ బండిలో మైల్డ్ హైబ్రిడ్ వ్యవస్థ (ఇంజిన్‌కు చిన్న మోటారు సాయం చేసేది) ఉంటే కంపెనీ చిన్న లిథియం బ్యాటరీ ఒకటి ముందే ఉంటుంది. దాని జోలికి పోవద్దు. అలాంటి బండ్లలో ఛార్జింగ్ వోల్టేజీ మారుతూ ఉంటుంది. మామూలు రిలే పెడితే మీ 100 ఏహెచ్ బ్యాటరీ సగమే నిండుతుంది, లేదా ఒక్కసారిగా కరెంటు లాగి వైరు వేడెక్కుతుంది. వోల్టేజీని సరిచేసి రెండో బ్యాటరీని నింపే 20 యాంపియర్ల డీసీ–డీసీ ఛార్జర్ పెట్టించి, 6 చదరపు మి.మీ. రాగి వైరుతో ముందున్న ప్రధాన బ్యాటరీ నుంచి లైను తీయించండి. 30 యాంపియర్ల ఫ్యూజు రెండు బ్యాటరీల పాజిటివ్ దగ్గరా ఉండాలి, అదీ జానెడు దూరంలోపు. ఒక చివరే ఫ్యూజు పెడితే మధ్యలో వైరు రాసుకుపోయినప్పుడు రెండో బ్యాటరీ నుంచి మంట లేస్తుంది. జీఎస్టీ బిల్లు, బ్యాటరీ సీరియల్ నంబరు, బిగించాక తీసిన ఫొటోలు దాచుకోండి. తర్వాత బీమా కంపెనీకి మెయిల్ పెట్టి, ఎలక్ట్రికల్ పరికరాల విలువ చూపించి, వాటిని పాలసీలో చేర్చే ఐఎంటీ–24 ఎండార్స్‌మెంట్ అడగండి. దీనికి పాత టారిఫ్ రేటు పరికరాల విలువలో 4 శాతం. రూ.40,000 సామానుకు రూ.1,600 ప్రీమియం. ఆ కాగితం లేకపోతే ఆ సామాను పాలసీలో లేనట్టే.

గ్యాస్ విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. ఇంటి 14.2 కిలోల సిలిండర్‌ను బండిలో బిగించి స్టవ్‌కు గొట్టం వేయించొద్దు. చిన్న బ్యూటేన్ డబ్బా స్టవ్ తీసుకెళ్లి, బండి బయట వంట చేసుకోండి.

పైన క్యారియర్ క్లాంపులతో బిగించేదైతే ఇబ్బంది లేదు. కానీ ఓనర్స్ మాన్యువల్‌లో రూఫ్ మీద ఎన్ని కిలోలు మోయవచ్చో రాసి ఉంటుంది, క్యారియర్ సొంత బరువు కూడా అందులోనే కలుస్తుంది. 100 వాట్ల ప్యానెల్ ఆరేడు కిలోలే. పైకప్పు మీద వేసే టెంటైతే ఒక్కటే 50 కిలోలు దాటుతుంది, అది ఈ బండికి తగదు. అద్దాలకు ఫిల్మ్ అంటించే బదులు, బండి ఆపాక లోపలి నుంచి పెట్టే మడత అట్టలు వాడండి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 100 ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. ఫిల్మ్ అంటించడాన్నే 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిషేధించింది. పరిమితికి లోబడిన ఫిల్మ్ ఉండొచ్చని కేరళ హైకోర్టు 2024లో చెప్పింది నిజమే. ఆ తీర్పు ఫోన్‌లో చూపించి రోడ్డు మీద ట్రాఫిక్ ఎస్సైని ఒప్పించాలనుకుంటే మీ ఇష్టం.

బంపర్ గార్డ్ వద్దు. 2017 డిసెంబర్ 7న కేంద్ర రవాణా శాఖ అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసి, గార్డులు 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్య తీసుకోమని చెప్పింది. ఢీకొన్నప్పుడు ముడుచుకోవాల్సిన ముందు భాగాన్ని గార్డు ముడుచుకోనివ్వదు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సమయం కూడా తప్పుతుంది. పాదచారి తగిలితే ఇక చెప్పక్కర్లేదు. ఎల్ఈడీ బార్ కూడా అంతే. రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు బిగించకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 111 చెబుతోంది. స్విచ్చి వేయలేదనో, కవర్ తొడిగామనో చెబితే చెల్లదు, నిషేధం బిగించడం మీదే ఉంది. బండి ఆపాక వెనక డోర్‌కు తగిలించుకునే లైటు ఎంతదైనా పెట్టుకోండి.

ఎత్తు పెంచడం ఈ మొత్తంలోకెల్లా చెడ్డ ఆలోచన. ఎర్టిగా ముందు చక్రాలతో నడిచే బండి. రెండు అంగుళాల స్పేసర్ వేస్తే డ్రైవ్ షాఫ్టుల కోణం మారి, వాటి రబ్బరు తొడుగులు (బూట్లు) చిరిగి, గ్రీజు పోయి జాయింట్లు అరుగుతాయి. అలైన్‌మెంట్ కుదరదు. హెడ్‌లైటు ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. ఇంతా చేసి ఇసుకలో బండి కదులుతుందా అంటే, అదీ లేదు. కంపెనీ టైరు 185/65 ఆర్15 వ్యాసం దాదాపు 621 మి.మీ. అదే రిమ్ముకు 205/65 వేస్తే 647 దాటుతుంది. మీటరు 80 చూపిస్తుంటే బండి 83లో పోతుంటుంది. కెమెరా మీ మీటరును చూడదు కదా. మీ మోడల్‌కు కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన సైజుల్లోనే గట్టి గాడులున్న టైరు తీసుకోండి. ఉన్న బోల్టు రంధ్రాలకే పట్టే ఇంజిన్ కింది ప్లేటు వేయించి, చిన్న కంప్రెసర్ ఒకటి వెంట ఉంచుకోండి. ఎర్టిగా పోగలిగిన మట్టిదారులకు ఇవి సరిపోతాయి.

‘అయితే అసలు క్యాంపర్‌గానే రిజిస్టర్ చేయించుకుంటా’ అంటారా? ఆ తరగతి లేకపోలేదు. మోటార్ కారవాన్‌లకు ఏఐఎస్–124 అనే ప్రమాణం ఉంది. కుర్చీలు, బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాన్ల అరలు నివాస భాగంలో స్థిరంగా బిగించి ఉండాలి. బల్ల మాత్రం తీసేలా ఉండొచ్చు. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్ష చేయించి టైప్ అప్రూవల్ (ఆ నమూనాకు ఆమోదం) పొందాలి. ఇది కారవాన్లు తయారుచేసి అమ్మేవారి దారి. ఒక్క బండి కోసం ఆ ఖర్చు పెట్టడం దండగ.

ఫైనాన్స్ ఉందన్నారు. హైర్ పర్చేజ్‌లో తీసుకున్న బండికి, రిజిస్టరైన యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా మార్పు చేయకూడదని 52వ సెక్షనే చెబుతోంది. మీది మామూలు లోనైనా ఒప్పందంలో ఇలాంటి షరతు ఉంటుంది. తీసి చదవండి.

బీమా మాటకొస్తే దాన్ని రెండుగా చూడాలి. మీ బండి తగిలి వేరొకరికి గాయమైనా, ప్రాణం పోయినా పరిహారం ఎగ్గొట్టడానికి బీమా కంపెనీకి 150వ సెక్షన్‌లో ఉన్న కారణాలే దిక్కు. లైసెన్సు లేకపోవడం, మద్యం, కిరాయికి తిప్పడం, ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకోవడం వంటివి. ‘మంచం వేశాడు’ అన్నది ఆ జాబితాలో లేదు. సొంత బండి నష్టం దగ్గరే మీకు చిక్కు. చెప్పకుండా చేసిన మార్పు పాలసీ షరతు ఉల్లంఘన అంటారు, మంట ఆ వైరింగ్‌లోనే మొదలైతే నిలబడతారు కూడా. ప్రమాదానికీ మార్పుకూ సంబంధం లేకపోతే మాత్రం పూర్తి తిరస్కరణను ఒప్పుకోకండి. షరతు ఉల్లంఘన ఉన్నా నాన్‌స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత కోత పెట్టి, క్లెయిమ్‌లో 75 శాతం ఇవ్వొచ్చని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఈ మాట లాయరే చెబుతున్నాడు. వినియోగదారుల కమిషన్‌కైతే గడువు రెండేళ్లు.

ఆర్టీఏ నుంచి 53వ సెక్షన్ నోటీసు వస్తే కంగారుపడి వదిలేయకండి. రిజిస్ట్రేషన్ నిలిపేసే ముందు మీ వివరణ వినాలి. ఈలోగా బండిని యథాస్థితికి తెచ్చి, ఫొటోలతో జవాబివ్వండి. ప్రతికూల ఉత్తర్వు వస్తే 57వ సెక్షన్ కింద 30 రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు.

మీరు అడగని రెండు విషయాలు. రిజర్వు ఫారెస్టులో బండి ఎలాంటిదైనా, అనుమతి లేకుండా దిగి పడుకుంటే అది అటవీ నేరం. అభయారణ్యమైతే వన్యప్రాణి చట్టం 27వ సెక్షన్ కింద అనుమతి లేకుండా ప్రవేశమే నిషిద్ధం, మంట వేయడం గురించి 30వ సెక్షన్ వేరే ఉంది. అమ్రాబాద్ మీదుగా శ్రీశైలం వెళ్తే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు తెరవరు. గేటు పక్కన ఆగుతారేమో కానీ అడవి లోపల ఆగొద్దు. రెండోది, బండి బాగా కుదిరిందని వారాంతాల్లో అద్దెకిచ్చారో, తెల్ల నంబరు ప్లేటుతో పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పినట్టు. 192ఎ కింద మొదటిసారికే రూ.10,000 జరిమానా, జైలు కూడా పడొచ్చు. పైన చెప్పిన థర్డ్ పార్టీ రక్షణ కూడా అప్పుడు మీకు మిగలదు. పరిహారం కంపెనీ చెల్లించినా ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేస్తుంది.