పెయ్యల ఎద గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మాయీ,

నీ జెర్సీ పెయ్యలు రెండింటికీ పదహారు నెలలు నిండాయనీ, పక్కింటివాళ్ల పెయ్య అప్పుడే చూడిదనీ, నీవాటికి ఎద, అంటే చూలు కట్టే వేళ, వచ్చిందో లేదో తేలక టెన్షన్‌గా ఉందనీ చెప్పావు. ఫోన్లో చెబితే గుర్తుండవు. కొట్టం దగ్గర పెట్టుకుని చూసుకుంటావని రాస్తున్నాను.

ముందు నెలలు లెక్కపెట్టడం ఆపి టేపు తీసుకో. పెయ్య ఎదకు రావడానికి వయసు కన్నా ఒంటి బరువు ముఖ్యం. బట్టలు కుట్టే టేపు చాలు. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టూ కొలువు. తర్వాత భుజం ఎముక మొన నుంచి తోక పక్కనున్న పిర్ర ఎముక దాకా పొడవు కొలువు. రెండూ అంగుళాల్లోనే ఉండాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టు 58, పొడవు 49 ఉంటే దాదాపు 250 కిలోలు. జెర్సీ సంకరానికి ఆ బరువు వచ్చిందంటే సెమెన్, అంటే ఆంబోతు వీర్యం, వేయించొచ్చు. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం ఒళ్లు పెద్దది, దానికి 270 దాటాలి.

బరువు రాకముందే కొన్ని పెయ్యలు ఎద చూపిస్తాయి. బాగా మేపితే ఏడాది లోపే అరిచేవి కూడా ఉంటాయి. అప్పుడు వేయించకు. చూలు కడుతుంది, కాదనను. కానీ ఒళ్లు ఎదగాల్సిన మేతంతా కడుపులో దూడకు పోతుంది. ఈనేటప్పుడు దారి చాలక దూడ ఇరుక్కుంటే తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రమాదమే. ఆ ఎదల తేదీలు మాత్రం క్యాలెండర్ మీద రాసిపెట్టు, అవి తర్వాత చాలా పనికొస్తాయి. మగదూడ ఏదైనా ఉంటే ఎనిమిది నెలలు రాకముందే పెయ్యల నుంచి వేరుగా కట్టు. చిన్నదే కదా అనుకుంటారు, ఆ చిన్నదే పెయ్యను చూడి చేస్తుంది.

ఇక అసలు సంగతి. ఎద సగటున 21 రోజులకోసారి వస్తుంది, 18 నుంచి 24 మధ్య ఎప్పుడైనా రావొచ్చు. పెద్దావుల్లో పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు ఉంటుంది, పెయ్యల్లో ఇంకా తక్కువ కూడా ఉండొచ్చు. రాత్రి మొదలైతే నువ్వు పాలకేంద్రానికి వెళ్లి వచ్చేసరికి సగం అయిపోతుంది. అందుకే తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, మేత వేయకుండా, పాలు పితక్కుండా, ఊరికే నిలబడి పావుగంట చూడు. ఎండాకాలంలో ఈ రెండు వేళలూ అసలు తప్పకూడదు, పగలు వేడికి ఎద లక్షణాలు బయటపడవు.

కట్టేసిన పెయ్యలో సగం గుర్తులు కనిపించవు. పొద్దున, సాయంత్రం కాసేపు విప్పి మిగతావాటితో వదులు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే, ఎక్కేదాన్ని కాదు, కిందున్నదాన్ని చూడు. ఎక్కేది ఎదలో ఉండొచ్చు, లేకపోవచ్చు. మీద ఎక్కినా తప్పించుకోకుండా కదలకుండా నిలబడిందా, అదే ఎదలో ఉంది. ఇంతకంటే నమ్మదగ్గ గుర్తు లేదు. నువ్వు చూడని వేళ ఇది జరిగినా ఆనవాలు ఉంటుంది: తోక మొదట్లో వెంట్రుకలు చెదిరి ఉంటాయి, నడుము పక్కల బురద అంటుకుని ఉంటుంది.

అరుపు, మేత తగ్గడం, మాటిమాటికీ ఉచ్చ పోయడం, తోక పక్కకు ఎత్తడం, మానం వాచి లోపల ఎర్రబడడం కూడా గుర్తులే. అరుపును మాత్రం ఒక్కదాన్నే నమ్ముకోకు, ఆకలికీ అరుస్తుంది. తీగను, అంటే మానం నుంచి జారే జిగురును, చూడు. ఎదలో ఉన్నప్పుడు కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా, తెగకుండా జారుతుంది. పడుకుని లేచిన చోట నేల మీద చూడు, తోకకు, తొడలకు అంటుకుని ఎండి మెరుస్తోందేమో చూడు. తీగ తెల్లగా, చీములా ఉంటే అప్పుడు సెమెన్ వేయించకు, డాక్టరుకు చూపించు.

మీ అత్తగారి ముర్రా గేదె పడ్డ సంగతి వేరు. గేదెల్లో మూగ ఎద, అంటే గుర్తులు పెద్దగా బయటపడని ఎద, ఎక్కువ; ఒకదాని మీద ఒకటి ఎక్కడం పెద్దగా ఉండదు, తీగ కూడా తక్కువే. రాత్రిళ్లు, తెల్లవారుజామున పడుకున్నప్పుడే దాన్ని గమనించాలి.

పొద్దున ఎద గమనిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం గమనిస్తే మర్నాడు పొద్దున వేయించు. ఎద తగ్గిన పది, పన్నెండు గంటలకు గానీ అండం విడుదల కాదు, అందుకే ఈ ఆగడం. సెమెన్ వేసే గోపాలమిత్ర వచ్చినప్పుడు "పొద్దున్నుంచి అరుస్తోంది" అనకు, ఏ గంటకు ఏం చూశావో చెప్పు. గోరువెచ్చని నీళ్లు సిద్ధంగా పెట్టు. స్ట్రాను, అంటే గడ్డకట్టిన సెమెన్ ఉండే సన్నని గొట్టాన్ని, 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి వాడాలి. అరచేతిలో నలిపి వేసేస్తానంటే ఒప్పుకోకు. తొలిచూలు కాబట్టి జెర్సీ సెమెనే అడుగు, దూడ చిన్నగా ఉండి ఈత సులువవుతుంది. ఆడదూడ కోసం లింగ నిర్ధారిత సెమెన్ వేయించాలనుకుంటే పెయ్యలే దానికి అనువు. పదింట తొమ్మిది ఆడవే పుడతాయి. కానీ వేళ తప్పితే డబ్బు వృథా.

ఎద తగ్గిన ఒకటి రెండు రోజులకు తోకకు కాస్త నెత్తురు కనిపిస్తే కంగారుపడకు. పెయ్యల్లో ఇది మామూలే, చూలు నిలవలేదని దానర్థం కాదు. వేయించకుండానే నెత్తురు కనిపిస్తే ఒక ఎద నీ కంట పడకుండా దాటిపోయిందన్నమాట. ఆ తేదీ రాసుకుని పదహారో రోజు నుంచి కనిపెట్టుకుని ఉండు.

బరువు వచ్చి, పద్దెనిమిది నెలలు దాటినా ఎద జాడ లేకపోతే డాక్టరుతో గర్భసంచి పరీక్ష చేయించు. పరీక్ష లేకుండా ఎద తెప్పించే ఇంజెక్షన్లు పొడిపించడం నాకు అస్సలు నచ్చదు. ఒకవేళ ఎవరి కంటా పడకుండా అప్పటికే చూడిదై ఉంటే ఆ ఇంజెక్షన్‌తో ఈసుకుపోతుంది, అంటే కడుపు పోతుంది. చాలాసార్లు లోపం మేతలోనే ఉంటుంది. నులిపురుగుల మందు తాగించి, రోజుకు 30 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, కడుపునిండా పచ్చిమేత పెట్టు. కొన్నదైతే ఇంకో మాట అడుగు: మగదూడతో కవలగా పుట్టిందా అని. అలాంటి పెయ్యలు నూటికి తొంభై గొడ్డుబోతులే.

వేయించాక 21వ రోజు అటూ ఇటూ మళ్లీ చూడు. తిరిగి ఎదకు రాకపోయినా చూడిదేనని తేల్చేసుకోక, మూడో నెలలోపు పరీక్ష చేయించు.

రేపు పొద్దున రెండింటినీ కొలిచి అంకెలు పంపు. 230 దగ్గర ఉంటే దాణా ఎంత పెంచాలో చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ